చిన్న పొట్ట, పెద్ద అవసరం: శిశు సంరక్షణ కేంద్రంలో ఆరు నెలలు దాటిన బిడ్డ భోజనం

ఉదయం తొమ్మిదింటికి తల్లి పనికి వెళ్తూ ఎనిమిది నెలల బిడ్డను శిశు సంరక్షణ కేంద్రంలో దింపుతుంది. సాయంత్రం అయిదున్నరకు వచ్చి తీసుకెళ్తుంది. బిడ్డ మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం ఆ కేంద్రంలోనే గడిచిపోతుంది. రోజంతా తినాల్సిన మూడు నాలుగు పూటల్లో కనీసం రెండు అక్కడే తినాలి. కాబట్టి ఆ బిడ్డ ఎదుగుదలలో ఇంటి వంటగదికి ఎంత పాత్ర ఉందో, కేంద్రంలోని పొయ్యికీ, ఆయా చేతిలోని చెంచాకూ అంతే పాత్ర ఉంది.

మన దేశంలో ఈ వయసు పిల్లల పరిస్థితి బాగా లేదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం, తగినన్ని రకాలుగా, తగినన్ని సార్లు అందుతున్నవారు 11.3 శాతం మాత్రమే. అంటే తొమ్మిది మందిలో ఒక్కరు. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 35.5 శాతం. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు వారిలో రక్తహీనత ఉన్నవారు 67.1 శాతం. ఈ సంఖ్య తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం.

ఈ లోటుకు పేదరికం ఒక్కటే కారణం కాదు. బియ్యం, పప్పు, నూనె ఉన్న ఇళ్లలోనూ, సరుకులు సక్రమంగా అందే కేంద్రాల్లోనూ పిల్లలు ఎదగకపోవడం కనిపిస్తుంది. గిన్నెలో ఏముంది, అది ఎంత చిక్కగా ఉంది, ఎవరు ఎలా తినిపించారు అనే మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే దీని వెనకున్న శాస్త్రం తెలుస్తుంది.

ఆరు నెలల గీత ఎక్కడిది?

పుట్టిన దగ్గర నుంచి ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలే పూర్తి ఆహారం. నీళ్లు కూడా అవసరం లేదు. ఆ తర్వాత తల్లిపాలు కొనసాగిస్తూనే ఇతర ఆహారం మొదలుపెట్టాలని, రెండేళ్లు లేదా అంతకు మించి పాలివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మనకు అన్నప్రాశన ఆరో నెలలో చేసే ఆచారం ఉంది. వేడుక నాడు ఒక ముద్ద పెట్టి, తర్వాత పది నెలల వరకు పాలతోనే సరిపెట్టే ఇళ్లూ చాలా ఉన్నాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఆరు నెలల దగ్గర రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది శక్తి అవసరం. 9 నుంచి 11 నెలల బిడ్డకు రోజుకు దాదాపు 690 కిలో కెలోరీలు కావాలి. సగటున తల్లిపాల ద్వారా అందేది 380 వరకు ఉంటుంది. మిగిలిన సుమారు 300 కిలో కెలోరీలు ఆహారం నుంచి రావాలి. 6 నుంచి 8 నెలల మధ్య ఈ తేడా 200 దాకా ఉంటుంది. ఏడాది దాటి రెండేళ్లలోపు అది 550కి చేరుతుంది.

రెండోది ఇనుము. నెలలు నిండి పుట్టిన బిడ్డ కడుపులో ఉండగానే తల్లి నుంచి ఇనుమును కాలేయంలో నిల్వ చేసుకుంటుంది. ఆ నిల్వ దాదాపు ఆరు నెలల వరకు సరిపోతుంది. తల్లిపాలలోని ఇనుము బాగా ఒంటబడుతుంది కానీ దాని పరిమాణం చాలా తక్కువ. అందుకే 9 నుంచి 11 నెలల బిడ్డకు కావాల్సిన ఇనుములో దాదాపు 97 శాతం, జింకులో 86 శాతం ఆహారం నుంచే అందాలని పోషకాహార నిపుణులు లెక్కగట్టారు. తల్లికే రక్తహీనత ఉంటే, లేదా బిడ్డ నెలలు నిండకుండా పుడితే, నిల్వ ఇంకా ముందే తరిగిపోతుంది. మెదడు అతి వేగంగా పెరిగే కాలంలో ఇనుము కొరవడితే ఆ ప్రభావం తర్వాత చదువు మీద, ఏకాగ్రత మీద పడుతుంది.

ఒక గిన్నె జావ లెక్క

బిడ్డ పొట్టలో ఒకసారికి ఎంత పడుతుంది? కిలో బరువుకు సుమారు 30 గ్రాములు అని ఒక అంచనా. ఎనిమిది కిలోల బిడ్డకు అది 240 గ్రాములు. పెద్దవాళ్లు తాగే ఒక గ్లాసు కంటే కొంచెం ఎక్కువ. ఇంత చిన్న సంచిలో కావాల్సినంత శక్తి పట్టించాలంటే ప్రతి గ్రాము ఆహారంలోనూ తగినంత సాంద్రత ఉండాలి. దీన్ని శక్తి సాంద్రత అంటారు. పసిపిల్లల ఆహారంలో గ్రాముకు కనీసం 0.8 కిలో కెలోరీ ఉండాలన్నది సాధారణంగా పాటించే ప్రమాణం.

ఇప్పుడు చాలా కేంద్రాల్లో, ఇళ్లలో కనిపించే పలచటి రాగి జావను తీసుకుందాం. పది గ్రాముల రాగి పిండిని 200 మిల్లీలీటర్ల నీళ్లలో కాస్తే వచ్చే శక్తి దాదాపు 32 కిలో కెలోరీలు. గ్రాముకు 0.16. తొమ్మిది నెలల బిడ్డకు కావాల్సిన 300 కిలో కెలోరీల కోసం ఇలాంటి జావ రోజుకు తొమ్మిది గిన్నెలకు పైగా తాగించాలి. అది అయ్యే పని కాదు. పొట్ట నిండుతుంది, బిడ్డ తల తిప్పేస్తుంది, 'కడుపు నిండా తాగింది' అని తినిపించినవారు తృప్తి పడతారు. ఆకలి మాత్రం శరీరంలో అలాగే ఉంటుంది. పప్పు మీద తేరిన కట్టు, అన్నం వార్చిన గంజి, పాలలో నానబెట్టిన బిస్కెట్టు కూడా ఇదే కోవకు వస్తాయి.

దీనికి పక్కనే మెత్తటి కిచిడీని పెట్టి చూద్దాం. 30 గ్రాముల బియ్యం, 15 గ్రాముల పెసరపప్పు మెత్తగా ఉడికించి, ఒక చెంచా నూనె లేదా నెయ్యి కలిపితే దాదాపు 200 కిలో కెలోరీలు వస్తాయి. ఉడికాక మొత్తం బరువు 200 గ్రాములు ఉండేలా నీళ్లు పోస్తే గ్రాముకు 1 కిలో కెలోరీ. అంటే మూడు పూటల్లో పూటకు వంద గ్రాముల చొప్పున తిన్నా ఆ రోజు లోటు తీరిపోతుంది. రెండు గిన్నెల పరిమాణం ఒకటే. బిడ్డకు అందే శక్తిలో మాత్రం ఆరు రెట్ల తేడా.

చెంచాను వంచినప్పుడు ఆహారం నీళ్లలా జారిపోకుండా చెంచా మీద నిలవాలి. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చే శిక్షణలో ఈ చిన్న పరీక్ష ఉంటుంది. తూకం, థర్మామీటర్ ఏవీ లేకుండా శక్తి సాంద్రతను అంచనా వేసే సులువైన మార్గం ఇది.

చిక్కదనంతో వచ్చే చిక్కు

అయితే పిండి ఎక్కువ వేసి జావ కాయొచ్చు కదా? ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. ధాన్యపు పిండిలో ఉండేది పిండిపదార్థపు సూక్ష్మ రేణువులు. నీళ్లలో వేడి చేసినప్పుడు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం వల్ల, వాటి నుంచి బయటికొచ్చిన పొడవాటి అణువుల గొలుసులు పెనవేసుకోవడం వల్ల ద్రవం కదలడానికి ఇష్టపడదు. దీన్నే స్నిగ్ధత పెరగడం అంటారు. పిండి కాస్త పెంచినా స్నిగ్ధత చాలా ఎక్కువగా పెరుగుతుంది. 20 శాతం పిండితో కాచిన జావ ముద్దలా అయిపోతుంది. పళ్లు రాని, నమలడం రాని బిడ్డ దాన్ని మింగలేదు. దాంతో తినిపించేవారు మళ్లీ నీళ్లు పోస్తారు. శక్తి మళ్లీ పలచబడుతుంది.

ఈ ముడిని విప్పే ఉపాయం మన పల్లెల్లోనే ఉంది. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిపదార్థాన్ని కరిగించుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. మొలకెత్తిన రాగుల పిండిని లేదా గోధుమ పిండిని ఒక చిన్న చెంచాడు వేడి జావలో కలిపితే ఆ ఎంజైము పొడవాటి గొలుసులను ముక్కలు చేస్తుంది. నిమిషాల్లోనే ముద్దలాంటి జావ జారుగా మారుతుంది. నీళ్లు పోయలేదు కాబట్టి కెలోరీలు ఏమాత్రం తగ్గవు. 1980లలో బరోడాలోని మహారాజా శాయాజీరావ్ విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం ఈ పద్ధతిపై విస్తృతంగా పరిశోధన చేసింది. 'అమైలేజ్ అధికంగా ఉన్న ఆహారం' అనే పేరుతో అది పోషకాహార పుస్తకాల్లోకి ఎక్కింది.

తయారీకి ప్రత్యేక సామగ్రి అక్కర్లేదు. రాగులను కడిగి ఒక రాత్రి నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు మొలకలు రానివ్వాలి. ఎండబెట్టి, సన్నని సెగ మీద కొద్దిగా వేడి చేసి, పిండి పట్టించాలి. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఎక్కువగా వేయిస్తే ఎంజైము చెడిపోతుంది, ఆ పిండి వల్ల ఉపయోగం ఉండదు. మొలకలు వచ్చే తేమలో సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి కాబట్టి, జావ పొయ్యి మీద నుంచి దించి కాస్త వేడి తగ్గాక పిండి కలిపి, పలచబడ్డ తర్వాత మరోసారి మరిగించి అప్పుడు చల్లార్చాలి. మొలకెత్తడం వల్ల ఇంకో మేలు ఉంది. గింజల్లో ఇనుము, జింకు ఒంటబట్టకుండా అడ్డుకునే ఫైటేట్లు కొంత తగ్గుతాయి.

మొలకల పిండి లేని చోట కూడా ఒక సులువు ఉంది. చెంచాడు నూనె లేదా నెయ్యి కలిపితే స్నిగ్ధత పెద్దగా పెరగకుండానే 45 కిలో కెలోరీలు అదనంగా చేరుతాయి. పసిపిల్లలకు కొవ్వు తగ్గించాలన్న ఆలోచనే సరికాదు.

గిన్నెలో ఏమేం ఉండాలి?

శక్తి ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ వయసు ఆహారాన్ని ఎనిమిది వర్గాలుగా విభజించాయి. అవి: తల్లిపాలు, ధాన్యాలు, దుంపలు, పప్పులు, గింజలు, పాల పదార్థాలు, మాంసం, చేపలు, కోడి మాంసం, గుడ్లు, విటమిన్ ఎ ఎక్కువగా ఉండే ఆకుకూరలు, పండ్లు, కూరగాయలు, ఇతర పండ్లు, కూరగాయలు. రోజులో వీటిలో కనీసం అయిదు వర్గాలు బిడ్డకు అందాలి. అన్నం, పప్పు, తల్లిపాలు కలిపితే మూడే అవుతాయి. అందులో చెంచాడు ఉడికిన మునగాకు, సగం గుడ్డు కలిపితే అయిదు పూర్తవుతాయి. వినడానికి కష్టంగా ఉన్న ఈ ప్రమాణం నిజానికి ఒకే గిన్నెలో ఇమిడిపోతుంది.

రాగి, పప్పు, ఆకుకూర: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఏ ఇతర ధాన్యంలోనూ ఇంత ఉండదు. ఇనుము విషయానికొస్తే ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము తక్కువగా ఒంటబడుతుంది. కొన్ని చుక్కల నిమ్మరసం, లేదా భోజనం తర్వాత జామ, బొప్పాయి గుజ్జు ఇస్తే విటమిన్ సి వల్ల అది మెరుగవుతుంది. టీ మాత్రం దాన్ని అడ్డుకుంటుంది. కొన్ని ఇళ్లలో పసిపిల్లలకు టీలో ముంచిన రొట్టె పెట్టే అలవాటు రెండు విధాలా నష్టమే.

గుడ్డు: ఈక్వెడార్‌లో జరిగి 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, 6 నుంచి 9 నెలల వయసులో మొదలుపెట్టి ఆరు నెలల పాటు రోజుకొక గుడ్డు తిన్న పిల్లల్లో ఎత్తు తగ్గే సమస్య దాదాపు సగానికి తగ్గింది. తర్వాత మలావీలో చేసిన ఇలాంటి ప్రయోగంలో ఆ స్థాయి ఫలితం కనిపించలేదు. కాబట్టి గుడ్డును మంత్రదండంలా చూడకూడదు. ఆరు గ్రాముల నాణ్యమైన మాంసకృత్తులు, మెదడుకు పనికొచ్చే కోలిన్ ఒకే చోట, కల్తీకి వీలులేని పెంకులో దొరుకుతాయన్నది మాత్రం నిజం. గుడ్డును గట్టిగా ఉడికించి, మెదిపి పెట్టాలి. మాంసం తినే కుటుంబాల పిల్లలకు మెత్తగా ఉడికించి నూరిన కాలేయం, ముల్లు తీసిన చేప అన్నిటికంటే మేలైన ఇనుము, జింకు వనరులు.

పొడి మిశ్రమాలు: జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' వైద్య విద్యార్థులకు సుపరిచితం. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగలు 10, బెల్లం 20 గ్రాములు. ఈ 86 గ్రాముల్లో సుమారు 330 కిలో కెలోరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు భర్తీ చేస్తుంది. పప్పులో కొరవడే మిథియోనిన్‌ను ధాన్యం అందిస్తుంది. బియ్యం, పెసరపప్పు వేయించి పొడి కొట్టే మన ఉగ్గు వెనకున్న సూత్రం కూడా ఇదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల ద్వారా అందే బాలామృతం గోధుమ, శనగ, పాలపొడి, నూనె, చక్కెరలతో చేసిన ఇలాంటి మిశ్రమమే.

ఇక్కడ ఒక సందేహం సహజం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పసిపిల్లల ఆహారంలో చక్కెర, ఉప్పు కలపొద్దంటున్నాయి. మరి బెల్లం, చక్కెర ఉన్న మిశ్రమాల సంగతేమిటి? అవి ప్రధానంగా బరువు తక్కువున్న పిల్లలకు త్వరగా శక్తి అందించే ఉద్దేశంతో పుట్టినవి. కేంద్రంలో అప్పటికప్పుడు వండేటప్పుడు ఆ శక్తిని నూనె, వేరుశనగ పొడి నుంచి, తీపిని పండిన అరటి గుజ్జు నుంచి తీసుకోవచ్చు. తీపి లేకపోతే తినదు అన్న అలవాటు ఈ వయసులో పడితే తర్వాత మాన్పించడం కష్టం. ఏడాదిలోపు పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు. అందులో ఉండే అవకాశమున్న ఒక బ్యాక్టీరియా బీజాలు ప్రాణాంతకమైన బొటులిజానికి దారితీయొచ్చు.

వయసును బట్టి మారాల్సిన గిన్నె

250 మిల్లీలీటర్ల కప్పును కొలతగా తీసుకుంటే:

- 6 నెలలు నిండగానే: రెండు మూడు చెంచాలతో మొదలు. మెత్తగా మెదిపిన, చెంచా మీద నిలిచే ఆహారం.
- 6-8 నెలలు: రోజుకు 2-3 సార్లు. పూటకు క్రమంగా అర కప్పు దాకా. మెదిపిన ఆహారం కాస్త కాస్త గరుకుగా.
- 9-11 నెలలు: రోజుకు 3-4 సార్లు, పూటకు అర కప్పు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. సన్నగా తరిగినవి, వేళ్లతో పట్టుకుని తినగలిగే మెత్తటి ముక్కలు.
- 12-23 నెలలు: రోజుకు 3-4 సార్లు, ముప్పావు నుంచి ఒక కప్పు, చిరుతిళ్లు. ఇంట్లో అందరూ తినే ఆహారమే, కారం లేకుండా, మెత్తగా.

రోజుకు మూడు అర కప్పులు అంటే 375 గ్రాములు. గ్రాముకు 0.8 చొప్పున లెక్క వేస్తే సరిగ్గా 300 కిలో కెలోరీలు. కప్పు కొలత వెనకున్న లెక్క ఇదే. గిన్నె పలచబడితే ఈ లెక్క మొత్తం తప్పుతుంది.

అన్నీ మిక్సీలో వేసి నున్నగా తిప్పడం చాలా కేంద్రాల్లో సులువైన దారి అయిపోయింది. తొమ్మిది నెలలు దాటినా గరుకు ఆహారం ఇవ్వకపోతే నమలడం నేర్చుకునే కీలక సమయం చేజారుతుంది. బ్రిటన్‌లో వేలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల తర్వాతే ముక్కలున్న ఆహారం మొదలుపెట్టినవారు ఏడేళ్ల వయసులో తక్కువ రకాల కూరగాయలు, పండ్లు తిన్నట్టు, వారికి తిండి విషయంలో పేచీలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

తినిపించే చేయి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 2013లో ప్రచురితమైంది. మూడు నెలల వయసు నుంచి పదిహేను నెలల వరకు 600 మంది పిల్లలను అనుసరించారు. గ్రామాలను మూడు బృందాలుగా విభజించారు. ఒక బృందంలో మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో బృందంలో వాటితో పాటు ఏం తినిపించాలో ఇంటింటికీ వెళ్లి చెప్పారు. మూడో బృందంలో ఏం తినిపించాలనే దానితో పాటు బిడ్డ సైగలను గమనిస్తూ ఎలా తినిపించాలి, ఎలా ఆడించాలి అనేదీ నేర్పారు. సలహాలు అందుకున్న రెండు బృందాల పిల్లలూ మెరుగైన ఆహారం తిన్నారు. ఎత్తు తగ్గే సమస్య రెండో బృందంలో తగ్గింది. మానసిక వికాస పరీక్షల్లో మూడో బృందం ముందుంది. ఏం పెట్టాలో చెప్పడం శరీరం మీద, ఎలా పెట్టాలో చెప్పడం మనసు మీద పని చేశాయన్నమాట. రెండూ కావాలి.

బిడ్డ సైగలను గమనించడం అంటే పెద్ద విద్యేమీ కాదు. చెంచా వైపు వంగడం, నోరు తెరవడం, చేతులు ఆడించడం ఆకలికి గుర్తులు. తల తిప్పడం, పెదవులు బిగించడం, చెంచాను తోసేయడం చాలన్న మాట. కాళ్ల మధ్య పడుకోబెట్టి ముక్కు మూసి పోయడం, టీవీ లేదా ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కడం ఈ సంభాషణను తెంచేస్తాయి. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టే మన అలవాటులో కళ్లలోకి చూడటం, మాట్లాడటం, ఆగి ఆగి పెట్టడం ఉన్నాయి. శాస్త్రం ఇప్పుడు చెబుతున్నది దానికి దూరమేమీ కాదు. కొత్త రుచిని బిడ్డ మొదటిసారి ఉమ్మేస్తే అది నచ్చలేదని కాదు. అలవాటు పడటానికి ఎనిమిది పది సార్లు రుచి చూపించాల్సి రావచ్చు.

ఒక ఆయా, ఆరుగురు పసివాళ్లు

ఇంటికీ కేంద్రానికీ అసలు తేడా ఇక్కడ తెలుస్తుంది. ఒక బిడ్డకు ఓపికగా తినిపించడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకుంటే, ఆరుగురికి ఒక పూటకే రెండు గంటలు. రెండు పూటలకు నాలుగు గంటలు. ఈ లెక్క కుదరకనే జావ పలచబడుతుంది, సీసాలు వస్తాయి, ఒకే చెంచా ఆరుగురి నోళ్లలో తిరుగుతుంది. అంటే పోషకాహార సమస్యగా కనిపించేది చాలాసార్లు మనుషుల కొరత సమస్య.

ఉన్న మనుషులతోనే కొంత మెరుగుపరచవచ్చు. అందరికీ ఒకే సమయం పెట్టకుండా ఇద్దరిద్దరికి అరగంట తేడాతో పెట్టడం, తొమ్మిది నెలలు దాటినవారిని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి ఉడికించిన క్యారెట్, అరటిపండు ముక్కలు వాళ్లే తినేలా చేయడం, ప్రతి బిడ్డకూ పేరు రాసిన గిన్నె, చెంచా ఉంచడం వంటివి ఖర్చు లేని మార్పులు. సొంత గిన్నె ఉంటే ఎవరు ఎంత తిన్నారో తెలుస్తుంది. సాయంత్రం తల్లికి 'బాగా తింది' అని చెప్పేకన్నా 'మధ్యాహ్నం అర కప్పులో సగమే తింది' అని చెబితే ఇంట్లో రాత్రి ఏం చేయాలో ఆమెకు అర్థమవుతుంది.

శుభ్రత విషయంలో గడియారమే ప్రధానం. అనుకూల వేడిలో కొన్ని బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. రెండు గంటల్లో అవి 64 రెట్లు, నాలుగు గంటల్లో 4,096 రెట్లు. ఉదయం తొమ్మిదింటికి వండిన కిచిడీ ఒంటిగంటకు పెట్టడం ఎందుకు ప్రమాదమో ఈ రెండు సంఖ్యలు చెబుతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వండిన ఆహారం రెండు గంటలకు మించి ఉండకూడదు. వేడిగా ఉంచగలిగే డబ్బా లేకపోతే రెండుసార్లు కొద్దికొద్దిగా వండటమే దారి. ఇంటి నుంచి వచ్చే టిఫిన్ డబ్బాకూ ఇదే నియమం. విరేచనాలు పట్టుకుంటే వారం పాటు తిన్నదంతా వృథా అవుతుంది. బిడ్డకు తినిపించే ముందు, డైపర్ మార్చిన తర్వాత సబ్బుతో చేతులు కడగడం అన్నిటికంటే చవకైన పోషకాహార పథకం.

తల్లి పిండి ఇచ్చిన పాలను 25 డిగ్రీలు దాటని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంచవచ్చు. మన వేసవిలో గది వేడి ఆ పరిమితిని దాటేస్తుంది కాబట్టి ఫ్రిజ్ లేదా ఐస్ పెట్టె లేని కేంద్రంలో ఈ పాలు బయట పెట్టడం మంచిది కాదు. ఆ పాలను మరిగించకూడదు, గోరువెచ్చటి నీళ్లలో గిన్నె పెట్టి వెచ్చబెట్టాలి. సీసా, రబ్బరు పీకలు కాకుండా చిన్న కప్పు లేదా ఉగ్గుగిన్నె వాడాలి.

పల్లీ గింజలు, శనగలు, గుండ్రటి ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్కలు గొంతులో అడ్డుపడతాయి. వేరుశనగను మెత్తటి పొడిగా జావలో కలపాలి. తినేటప్పుడు బిడ్డ నిటారుగా కూర్చోవాలి, పక్కన మనిషి ఉండాలి. తినిపిస్తూ నిద్రపుచ్చకూడదు.

పొట్లం ఒకవైపు, వేడి అన్నం మరోవైపు

1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ఈ రోజు దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలుగా విస్తరించాయి. ఈ వ్యవస్థలో ఒక విచిత్రం ఉంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు కేంద్రంలోనే వేడిగా వండి పెడతారు. 6 నెలల నుంచి 3 ఏళ్ల వారికి ఇంటికి తీసుకెళ్లే పొట్లం ఇస్తారు. ఎదుగుదల ఎక్కువగా దెబ్బతినేది 6 నుంచి 24 నెలల మధ్యే. సరిగ్గా ఆ వయసులోనే వండి, కూర్చోబెట్టి తినిపించే చేయి వ్యవస్థలో లేదు. తల్లి పొలానికో, కూలికో వెళ్తే ఆ పొట్లాన్ని ఎవరు వండుతారు? అక్కయ్యో, నానమ్మో వండినా అది ఇంట్లో అందరి మధ్యా పంచుకునే తిండి అయిపోతుంది.

ఈ ఖాళీని పూరించే ప్రయత్నాలు కొత్తవి కావు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి నిర్మాణ పనుల చోట కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెషెస్ సంస్థను ప్రారంభించారు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా గనియారీ కేంద్రంగా పనిచేసే జన్ స్వాస్థ్య సహయోగ్ అటవీ గ్రామాల్లో 'ఫుల్వారీ'లు నడుపుతోంది. 6 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలను ఊరి మహిళలే చూసుకుంటూ కిచిడీ, సత్తు వంటివి తినిపిస్తారు. జార్ఖండ్, ఒడిశా గ్రామాల్లో ఇలాంటి క్రెష్‌లను మహిళా బృందాల సమావేశాలు, ఇంటి సందర్శనలతో కలిపి నడిపిన అధ్యయనం 2019లో వెలువడింది. అక్కడ పిల్లల్లో పోషకాహార లోపం తగ్గింది.

చట్టం వైపు నుంచి చూస్తే, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లే వీలు కల్పించాలని చెప్పింది. 2022లో మిషన్ శక్తి కింద వచ్చిన 'పాల్నా' పథకం అంగన్‌వాడీలకు క్రెష్‌లను జోడించే దారి తెరిచింది. ఇవి ఎంత విస్తరిస్తే ఆరు నెలల బిడ్డకు వేడి ఆహారం అంత దగ్గరవుతుంది.

కేంద్రంలో ఒక రోజు

తొమ్మిది నెలల బిడ్డకు ఒక నమూనా పట్టిక:

- ఉదయం 9: దింపే ముందు తల్లి పాలివ్వడం.
- 10:30: మొలకల పిండి కలిపి పలచబరిచిన చిక్కటి రాగి జావ, అర కప్పు, అందులో వేరుశనగ పొడి ఒక చెంచా.
- 1:00: బియ్యం, పెసరపప్పు, పాలకూర లేదా మునగాకుతో మెత్తటి కిచిడీ, అర కప్పు, ఒక చెంచా నూనె, మెదిపిన గుడ్డు, కొన్ని చుక్కల నిమ్మరసం.
- 2:30: తల్లి వచ్చి పాలివ్వడం, లేదా పిండి ఉంచిన పాలు కప్పుతో.
- 4:00: పండిన అరటి లేదా బొప్పాయి ముక్కలు, బిడ్డ చేత్తో తినేలా.

దీనిలో ఖరీదైనది, బయటి నుంచి తెప్పించాల్సినది ఒక్కటీ లేదు. జొన్న పండే చోట జొన్న, చేప దొరికే చోట చేప ఇందులో చేర్చుకోవచ్చు. పసిపిల్లల ఆహారం, పాల సీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ఉన్నా, డబ్బా ఆహారమే బలమైనదన్న అపోహ ఇంకా పోలేదు. పై పట్టికలోని ఆహారం దానికి ఏమాత్రం తీసిపోదు. దీనికి తోడు రక్తహీనత ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ అందుతోందో లేదో కూడా కేంద్రం నమోదు చేయాలి.

తమ బిడ్డను చేర్చే ముందు తల్లిదండ్రులు కేంద్రంలో గోడల మీది రంగులు, బొమ్మలు చూస్తారు. వాటికంటే ముందు నాలుగు సంగతులు అడగాలి. ఆరు నెలలు దాటిన పిల్లలు ఎంతమంది, వారికి తినిపించేవారు ఎంతమంది? వంట ఎప్పుడు అవుతుంది, ఎప్పుడు పెడతారు? చెంచా వంచితే జావ నిలుస్తుందా? తల్లి మధ్యలో వచ్చి పాలివ్వడానికి చోటుందా? ఈ నాలుగింటికి నేరుగా జవాబు చెప్పగలిగిన కేంద్రంలో బిడ్డ ఆకలి లెక్క తెలిసినవారు ఉన్నట్టే.